ఇరవై మూడు ఖాళీలు

10 జూన్ 1963

ఆఫీసులో పోయిన సంవత్సరం డైరీ ఒకటి మిగిలిపోతే ఓవర్సీరు గారు నాకు ఇచ్చారు. ప్రతి తారీఖు పక్కన వారం తప్పుగా ఉంది. కొట్టేసి దిద్దుకుంటూ రాయాలి. నా ఉద్యోగం కూడా దాదాపు ఇలాంటిదే. టెంపరరీ.

ఇవాళ మొదటి రోజు. తాండూరులో స్టేషను దగ్గరి రేకుల మార్కెట్‌ను కూలగొట్టి కొత్తది కడతారట. రెండంతస్తులు, నలభై మలిగెలు, కింద కిరాణా దుకాణాలు, మేడ మీద బట్టల దుకాణాలు, కరెంటు, నీళ్ళ నల్లా. దీనికోసం ఒక కమిటీ వేశారు. కమిటీకి రెండు గదుల ఆఫీసు. ఆ ఆఫీసులో ఒక ఓవర్సీరు, ఒక అటెండరు, నేను. ఇప్పుడు మార్కెట్లో ఎవరెవరు కూర్చుని అమ్ముకుంటున్నారో లిస్టు రాయడం నా పని. లిస్టులో ఎక్కినవాళ్ళకే కొత్త మార్కెట్లో చోటు.

మా ఇంట్లో బడి ముఖం చూసింది నేనొక్కదాన్నే. వికారాబాదు బోర్డింగులో ఉండి హెచ్.ఎస్.సి. పాసయ్యాను. నాయన కరణ్‌కోట గనిలో బండలు కొడతాడు. అమ్మ ఆ రేకుల మార్కెట్లోనే పుంటికూర, చుక్కకూర అమ్ముతుంది. వెనక గోడ వరుసలో చిట్టచివర ఆమె చోటు. నేను పుట్టకముందు నుంచీ అదే చోటు.

ఓవర్సీరు చంద్రశేఖర్ గారిది రాజమండ్రి వైపు. ప్రతి మాట చివరా అండీ అంటారు. నన్ను సంతోషమ్మ గారూ అని పిలుస్తారు. నన్ను గారూ అన్నవాళ్ళు ఇంతవరకు ఎవరూ లేరు. ఇంటికొచ్చి అమ్మకు చెబితే, అంత తియ్యగ మాట్లాడెటోనితోని జర పైలం బిడ్డా అన్నది.

13 జూన్

లిస్టు మొదలుపెట్టాం. ఫారంలో నాలుగు కాలమ్‌లు. పేరు, సరుకు, ఎన్నేళ్ళ నుంచి, జాగా మీద ఏముంది. చివరి కాలమ్‌లో రాతి దుకాణమైతే పక్కా అనీ, తడికెలు, రేకులైతే కచ్చా అనీ రాయాలి. ఆ రెండూ కాకపోతే వాళ్ళ నోట ఏం వస్తే అది రాసెయ్యండి అన్నారు ఓవర్సీరు గారు.

ముందు వరుసలో మొదటిది పాండురంగం సేటు బట్టల దుకాణం. పక్కా. ఆయన కమిటీలో మెంబరు కూడా. ఓవర్సీరు గారికి చాయ్ తెప్పించారు. నాకూ తెప్పించారు, అదీ సాసరుతో సహా. నాకు తొమ్మిదేళ్ళప్పుడు, అమ్మా నేనూ వానకు తడవకుండా ఆ దుకాణం గడప మీద నిలబడితే, జరగుండ్రి జరగుండ్రి, గిరాకులకు అడ్డం అన్నారు. ఆయనకు గుర్తులేదు. ఇప్పుడు ఏం బిడ్డా, మస్తు సదివినవంట అంటున్నారు. చాయ్ తాగాను కానీ, ఎందుకు ఇచ్చారా అని ఆలోచిస్తూనే తాగాను.

14 జూన్

వెనక గోడ వరుస. మొత్తం ఇరవై ముగ్గురు, అందరూ ఆడవాళ్ళే. అందరూ నన్ను చిన్నప్పుడు ఎత్తుకున్నవాళ్ళే. అయినా పేర్లు చెప్పమంటే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

అందరికన్నా పెద్దది రుక్కమ్మ. చీపుర్లు, చాటలు అమ్ముతుంది. పేరు రాసుకపోయి ఏం జేస్తరే అని అడిగింది. కొత్త మార్కెట్ల జాగ ఇస్తరవ్వా అన్నాను. ఉన్న జాగ గుంజుకొని మల్ల ఉన్న జాగనె ఇస్తరా, గీ ముచ్చట ఎవలకన్న చెప్పు అన్నది. తర్వాత అందరికీ వినబడేలా, ఇది చంకల ఉన్నప్పుడు నా కొత్త చాటల ఉచ్చబోసింది, గిప్పుడు కాయిదం పట్టుకొని నా పేరు అడుగుతున్నది చూడుండ్రి అన్నది. వరుస వరుసంతా నవ్వింది. నేనూ నవ్వాను. చివరికి పేరు చెప్పింది.

జాగా మీద ఏముంది అని అడిగితే మాత్రం అందరిదీ ఒకటే జవాబు. ఏమున్నది బిడ్డా, ఖాళీ. నిజమే. పైన రేకుల చూరు, వెనక గోడ, కింద ఒక గోనె సంచి. దుకాణమని చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఖాళీ అని రాశాను. పై మాటే అన్నట్టు రెండు గీతలు పెట్టి వదిలెయ్యడం సోమరితనమని బోర్డింగులో టీచరమ్మ చెప్పేది. అందుకని ఇరవై మూడు సార్లూ పూర్తిగా రాశాను.

సాయంత్రం ఓవర్సీరు గారు కాగితాలు తిరగేసి, చివరి కాలమ్ మీద వేలు పెట్టి, ఖాళీ అంటే ఖాళీయేనా అండీ అని అడిగారు. అవును సార్, వాళ్ళ నోటి మాటే అని తల ఊపాను. దస్తూరి ముత్యాల్లా ఉందండీ అన్నారు. ఇంటికి వచ్చేదాకా అదే తలచుకుంటూ వచ్చాను. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

2 జూలై

లిస్టును ఇంగ్లీషులోకి మార్చి వికారాబాదులోని ఇంజనీరు ఆఫీసుకు పంపారట. నాకు చూపించలేదు. ఓవర్సీరు గారే ఇంటి దగ్గర కూర్చుని మార్చారట. ఆఫీసు పని ఇంటి దగ్గర ఎందుకు?

9 జూలై

ఓవర్సీరు గారు, పాండురంగం సేటు వెనక గోడ దగ్గర టేపు పట్టుకుని కొలుస్తున్నారు. నేను వెళ్ళేసరికి మాట ఆపేశారు. వాన గురించి మాట్లాడటం మొదలుపెట్టారు.

వాళ్ళు వెళ్ళాక చూస్తే, ఆడవాళ్ళు కూర్చునే చోటు ముందు నుంచి సున్నంతో ఒక గీత పోయింది. రుక్కమ్మ తన చీపురు ఒకటి తీసి, తన ముందున్న గీతను శుభ్రంగా ఊడ్చేసింది. మధ్యాహ్నం అటెండరు మల్లప్ప వచ్చి మళ్ళీ గీశాడు. మళ్ళీ ఊడ్చేసింది. ఏందవ్వా గిది అని మల్లప్ప అడిగితే, నా సరుకు ఎట్లుంటదో గిరాకులకు చూపెడుతున్న, నీకేం నొప్పి అన్నదట.

17 జూలై

మల్లప్పది సేడం వైపు. ఇంట్లో కన్నడం, ఆఫీసులో తెలుగు. వెనక వరుసలో వేరే ఏదో కడతరంట, సేటు గోడౌను కావాలని అడిగిండంట అని తనే చెప్పాడు. వేరే అంటే ఏది అని అడిగాను. చెప్పాలని లేనప్పుడు అతను కన్నడంలోకి మారిపోతాడు. గొత్తిల్ల అన్నాడు, తెలియదని. మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ గొత్తిల్ల.

24 జూలై

ఇవాళ సేటు నన్ను చూసి నవ్వారు. ఎందుకు?

30 జూలై, రాత్రి 7 గంటలు

ఆఫీసు ఉత్తరం ఇచ్చి రమ్మని నన్ను వికారాబాదు పంపారు. పొద్దున పాసింజరులో వెళ్ళాను. అనంతగిరి గుట్టల మీద మబ్బు కిందికి దిగి ఉంది. దారిలో బోర్డింగుకు వెళ్ళి టీచరమ్మను చూడాలనుకున్నాను. వెళ్ళలేదు. వచ్చేటప్పుడు చూద్దామనుకున్నాను. వచ్చేటప్పుడు వెళ్ళే ముఖం లేకపోయింది.

ఇంజనీరు ఆఫీసు గోడకు కొత్త మార్కెట్ ప్లాన్ అంటించారు. నీలం కాగితం, తెల్ల గీతలు. ఉత్తరం మీద సంతకం అయ్యేలోగా నిలబడి చదివాను. ముందు వరుస మలిగెలు ఉన్నాయి. పాండురంగం సేటుకు మూల మలిగె. కచ్చా దుకాణాల వాళ్ళకు కూడా ఏదో ఒకటి ఉంది. వెనక గోడ దగ్గర మాత్రం ఒక పొడుగాటి డబ్బా గీసి, అందులో సైకిల్ స్టాండ్ అని ఇంగ్లీషులో రాసి ఉంది.

సైకిళ్ళకు రేకుల నీడ. మా వాళ్ళకు ఏమీ లేదు.

పక్కనే ఒక పట్టిక. 41 నుంచి 63 వరకు అంకెలు. ఎదురుగా ఇరవై మూడు సార్లు వేకెంట్, వేకెంట్, వేకెంట్. పేర్లు లేవు. రుక్కమ్మ లేదు. అమ్మ లేదు. కింద ఇంకో వాక్యం: అభ్యంతరాలు ఉంటే ఆగస్టు పది లోపల రాతపూర్వకంగా ఇవ్వాలి.

రైలులో కూర్చోలేకపోయాను. తలుపు దగ్గర నిలబడి వచ్చాను.

31 జూలై

ఓవర్సీరు గారు, సేటు ఇద్దరూ కలిసి చేసిన పని. ఇప్పుడు అన్నీ అర్థమవుతున్నాయి. చాయ్, దస్తూరి పొగడ్త, ఇంటి దగ్గర అనువాదం, టేపు, గీత, నవ్వు. పేర్లు తీసేసి వేకెంట్ అని రాసుకున్నారు. సేటు మలిగెకు వచ్చే గిరాకులు సైకిళ్ళు పెట్టుకోవాలి కదా.

అమ్మకు చెప్పాను. కూర కట్టలు కడుతూ విన్నది. ఇంక ఏడ కూసోవాల్నో అన్నది, అంతే. నాయన మాత్రం, నీకు కాయిదం సదవొస్తది గదా, అసలు కాయిదం ఏడున్నదో చూడు అన్నాడు.

2 ఆగస్టు, మధ్యాహ్నం

ఓవర్సీరు గారు భోజనానికి వెళ్ళాక బీరువా తీసి ఫైలు చూశాను. మోసం చేసిన కాగితం దొరుకుతుందని చూశాను. అది దొరికితే ఎలా పట్టుకెళ్ళాలో, ఎవరికి చూపాలో కూడా అనుకున్నాను.

దొరికింది. నేను రాసిన లిస్టులో పేర్లన్నీ ఉన్నాయి. ఎవరూ ఏమీ దిద్దలేదు, చెరపలేదు. ఇంగ్లీషు కాగితం మీద కూడా పేర్లున్నాయి. పేరు పక్కన వేకెంట్. వేకెంట్ అని ఉన్నప్పుడు పేరుతో పనేముందని ప్లాన్ గీసినవాళ్ళు వదిలేసి ఉంటారు. మరి వేకెంట్ ఎక్కడి నుంచి వచ్చిందని తెలుగు కాగితం పక్కన పెట్టి చూశాను.

ఖాళీ. ఖాళీ. ఖాళీ. నా రాత. గుండ్రంగా, ముత్యాల్లా.

దుకాణం లేదు, వట్టి నేల అని వాళ్ళు చెప్పారు. మనిషి లేదని నేను రాశాను. ఆ నేల మీద కూర్చున్న మనిషితో మాట్లాడుతూనే రాశాను. ఖాళీ అంటే ఖాళీయేనా అండీ అని ఆయన అడిగారు కూడా.

3 ఆగస్టు

ఆఫీసుకు పోలేదు. జ్వరమని చెప్పి పంపాను. జ్వరం లేదు.

5 ఆగస్టు

ఓవర్సీరు గారికి చెప్పాను. బీరువా తీసిన సంగతి కూడా చెప్పాను. ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. నేను మిమ్మల్ని అడిగాను కదండీ అన్నారు. ఆ మాట వస్తుందని నాకు తెలుసు. తర్వాత, మా వైపు కూడా ఖాళీ అంటే ఖాళీయే కదండీ, నాకెలా తెలుస్తుందండీ అన్నారు. రోజూ ఆ దారినే వస్తారు కదా సార్, వాళ్ళను చూడలేదా అని అడిగాను. ఎలా అడిగానో తెలియదు. చూశానండీ, బేరం చేసి వంకాయలు కూడా కొన్నాను, కానీ ఆ పేర్లు వీళ్ళవేనని అనుకోలేదు, వెనకాల ఇంకెక్కడో వాళ్ళకు ఖాళీ జాగా ఉందనుకున్నాను అన్నారు.

చేసేది ఒకటే ఉందట. తప్పు నాదని నేను రాసి ఇవ్వాలి. అప్పుడు ఇంజనీరు గారు స్వయంగా వచ్చి చూస్తారు. అయితే అలా రాసిచ్చినవాళ్ళను ఉద్యోగంలో పర్మనెంటు చెయ్యరని కూడా ఆయనే చెప్పారు. ఇంటికి వెళ్ళి ఆలోచించుకోమన్నారు.

నన్ను ఆపడానికి చెప్పారా, మేలు కోరి చెప్పారా? తెలియలేదు. అక్కడే కూర్చుని రాసిచ్చాను. ఈసారి దస్తూరి బాగా రాలేదు.

7 ఆగస్టు

వరుసలో అందరికీ చెప్పాను. ఇలా రాశాను, ఇలా అయింది, దిద్దడానికి కాగితం పెట్టాను అని.

 ముందు రుక్కమ్మే మాట్లాడింది. ఇరవై ముగ్గురం కొండల్లెక్క ముందర కూసుంటె నీకు ఖాళీ గనబడిందానె, గా సదువు నీ కండ్లు గిట్ల తిన్నదా అన్నది. మెంతులు, ధనియాలు అమ్మే సత్యమ్మ, పోనీయవ్వా, చిన్నపిల్ల అన్నది. రుక్కమ్మకూ సత్యమ్మకూ ఏళ్ళ తరబడి మాటలు లేవు. అందుకని రుక్కమ్మ నావైపే చూస్తూ, చిన్నపిల్లయితె చాయ్ గూడ సాసర్ల తాగుతదా అన్నది.

ఆ చాయ్ సంగతి అందరికీ తెలుసన్నమాట. నేను సేటు మీద అనుమానపడుతున్నప్పుడు వాళ్ళు నన్ను అనుమానిస్తున్నారు.

అమ్మ తల ఎత్తలేదు. కూర మీద నీళ్ళు చిలకరిస్తూ ఉండిపోయింది.

22 ఆగస్టు

ఇన్‌స్పెక్షన్ 26న, సోమవారం, పొద్దున పది గంటలకు. ఇంజనీరు జనార్దన్ గారు వస్తారు. ఆ టైముకు ఎవరు కూర్చుని కనబడితే వాళ్ళ పేరు ఎక్కుతుంది. అందరూ ఉండాలి, ఒక్కరు కూడా తప్పొద్దు అని వరుసంతా తిరిగి చెప్పాను. చెబుతున్నకొద్దీ ముఖాలు ముడుచుకుపోయాయి.

ఎందుకో అమ్మ చెబితే తెలిసింది. పోయిన ఏడు సేర్లు పోయి కిలో బాట్లు, అంటే కొత్త తూకం రాళ్ళు, వచ్చినప్పుడు ఇలాగే ఒక సారు వచ్చి, రేపు పదింటికి అందరు ఉండుండ్రి, ఒక్కరు తప్పొద్దు అని చెప్పిపోయాడట. ఏదో ఇస్తారనుకుని అందరూ వచ్చారట. పాత సేర్లు చెల్లవని చెప్పి సేర్లు, తరాజులు మొత్తం లారీలో వేసుకుని పోయారట. రుక్కమ్మకు తరాజు లేదు కాబట్టి ఏమీ పోలేదు. అందరికన్నా ఎక్కువ గుర్తు పెట్టుకున్నది ఆమే.

నేను కూడా అవే మాటలు అన్నాను. పది గంటలకు. అందరూ. ఒక్కరు తప్పొద్దు.

25 ఆగస్టు

చర్చి నుంచి వస్తూ మార్కెట్లో ఆగి మళ్ళీ చెప్పాను. లారీ రాదని ఒట్టు పెట్టాను. రుక్కమ్మ, నువ్వు ఒట్టు పెట్టకపోతె నమ్ముదుమేమో అన్నది.

26 ఆగస్టు, సాయంత్రం

పది గంటలకు ఇంజనీరు గారి జీపు వచ్చింది. ఓవర్సీరు గారు, నేను ఎదురు వెళ్ళాం. ముందు వరుస అంతా సందడిగా ఉంది. రేకుల చూరు తిరిగి వెనక వైపు వెళ్ళాం.

ఎవరూ లేరు. గోనె సంచి కూడా లేదు. గోడ, నేల, సున్నం గీత.

వరుస చివర అమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేచి నిలబడింది. గంప పక్కకు జరిపింది.

ఇంజనీరు గారు కోపంగా లేరు. అలసిపోయినట్టు ఉన్నారు. చూశారుగా చంద్రశేఖర్, వేకెంట్ అంటే వేకెంటే, దీనికోసమా నన్ను రప్పించారు అన్నారు. ఓవర్సీరు గారు నావైపు చూశారు. 

అప్పుడు అమ్మ మాట్లాడింది. వాళ్ళు భయపడి రాలె సార్, జాగలు యాడికి పోలె, నేను చూపెడత రాండ్రి అన్నది. నేనెప్పుడూ ఆమె నోట అంత పెద్ద మాట వినలేదు. ఎవరి జవాబు కోసమూ ఆగకుండా వరుస మొదటికి నడిచింది.

గీడ రుక్కవ్వ, చీపుర్లు చాటలు. ఇగో గోడ సందుల చూడుండ్రి, ఈనెలు. పక్కకు సత్తెమ్మ, మెంతులు ధనియాలు. వీళ్ళిద్దరికి మాటల్లేవు సార్, అందుకె నడుమ మూరెడు ఇడిచిండ్రు. గా మూరెడు ఎవ్వలది గాదు, రాసుకోకుండ్రి.

ఇంజనీరు గారు నవ్వారు. సత్యమ్మ చోటు దగ్గర, గోడ మొదట్లో, వానకు పచ్చగా ఏదో మొలిచి ఉంది. వంగి ఒక మొలక పీకి, నలిపి, వాసన చూశారు. మెంతే అన్నారు. ఆ తర్వాత ఆయన టోపీ తీసి చంకలో పెట్టుకుని అమ్మ వెనక నడిచారు.

గీడ పద్మమ్మ, గాజులు. కాళ్ళు పైలం సార్, ముక్కలుంటయి. నిజంగానే మట్టిలో ఎరుపూ పచ్చా గాజు ముక్కలు మెరుస్తున్నాయి. గీడ రాధమ్మ, ఎల్లిగడ్డ. ఈమె చెవులు ఇనబడయి, పేరు పిలిస్తె రాదు, తట్టి చెప్పాలె. గీడ రామమ్మ, చింతపండు, మర్పల్లి నుంచి వస్తది, బస్సు తప్పితె పన్నెండయితది. అందుకు ఆమెను లేదనుకోవద్దు.

అమ్మకు అక్షరం రాదు. నేను జూన్‌లో రోజంతా తిరిగి రాసిన లిస్టును, అదే వరుసలో, కాగితం లేకుండా చెప్పుకుంటూ పోయింది. అంకె దగ్గర అంకె సరిపోయింది. నేను వెనక నడుస్తూ రాశాను. నాలుగో కాలమ్‌లో ఈసారి ఏం రాయాలో ఇంజనీరు గారే చెప్పారు: మనిషి కూర్చునే చోటు.

ఇరవై రెండు అయ్యాయి. అమ్మ తన చోటుకు చేరి ఆగింది. గంప నెత్తికి ఎత్తుకున్నది. అయిపోయినయి సార్ అన్నది.

ఇంజనీరు గారు కాగితం చూసి, ఇరవై మూడని ఉందే అన్నారు. రాసేటప్పుడు ఒకటి ఎక్కువ పడ్డదేమో సార్, కొత్త పిల్ల గదా అన్నది అమ్మ. మరి నువ్వెవరమ్మా అని అడిగారు. ఈ పిల్ల తల్లిని సార్, జర తోవ చూపెడదామని వచ్చిన అన్నది.

ఆయన నావైపు తిరిగి, అవునా అన్నారు. ఏది అవునా అని అడిగారో తెలియలేదు. ఆమె నా తల్లి అవునా, ఒకటి ఎక్కువ పడింది అవునా. అమ్మ నన్ను చూస్తోంది. ఆమె రెండు పాదాలు ఆమె చోటు మీదే ఉన్నాయి. ఓవర్సీరు గారికి అంతా తెలుసు. ఆయన వంగి టేపు చుట్టుకుంటున్నారు. చుట్టిందే మళ్ళీ చుట్టారు.

నేను తల ఊపాను.

27 ఆగస్టు

నిన్న ఇంటికొచ్చి అమ్మ మీద అరిచాను. జన్మలో మొదటిసారి. మొదటి లిస్టులో నేను తెలియక చేశాను, రెండో లిస్టులో తెలిసి చేయించావు అన్నాను.

అమ్మ అన్నం పెడుతూ చెప్పింది. ఆడ నేనొక్కదాన్నె ఉంటి. నాకొక్కదానికె జాగ వస్తె ఊర్ల ఏమంటరు? బిడ్డ తల్లికి రాసుకున్నదంటరు. తల్లి చెప్పింది, బిడ్డ రాసింది, అన్ని దొంగ పేర్లె అంటరు. గప్పుడు తక్కిన ఇరవై రెండు గూడ కొట్టేస్తరు. నా పేరు లేకుంటెనె వాళ్ళ పేర్లు నిలవడతయి.

వాళ్ళు నిన్ను నమ్మి రాలేదు కదా, వాళ్ళకోసం ఎందుకు అన్నాను. వాళ్ళు నన్ను నమ్మకనా, నిన్ను నమ్మక రాలె అన్నది. ఇంకొంచెం పప్పు వేసింది.

నాయన తినడం మధ్యలో ఆపి అమ్మను చూశాడు, అంతే.

18 సెప్టెంబర్

కొత్త ప్లాన్ వచ్చింది. సైకిల్ స్టాండ్ కొట్టేశారు. వెనక గోడ వెంట ఎత్తు అరుగు, పైన రేకులు, 41 నుంచి 62 వరకు. పేర్లున్నాయి. ఇంగ్లీషులో నేనే రాశాను, ఓవర్సీరు గారు పక్కన కూర్చుని స్పెల్లింగులు చెప్పారు. రుక్కమ్మ, సత్యమ్మ మధ్య మూరెడు ఖాళీ కూడా గీశారు.

పాండురంగం సేటు గోడౌను అడిగిన మాట నిజమేనట. ఊరి బయట అడిగారట. వెనక వరుసతో ఆయనకు సంబంధమే లేదు. నా అనుమానం తప్పు. అయినా ఆయన నవ్వు నాకు నచ్చదు.

30 సెప్టెంబర్

ఇవాళే ఆఖరి రోజు. అనుకున్నదే. లిస్టు పని అయిపోయింది కాబట్టి టెంపరరీ పోస్టు తీసేస్తున్నట్టు రాశారు. నా తప్పు సంగతి ఎక్కడా లేదు. నేను రాసిచ్చిన కాగితం ఫైలులో కనబడలేదు. దాని బదులు, అనువాదంలో విచారించకుండా పొరపడ్డాను అని ఓవర్సీరు గారి సంతకంతో ఇంకోటి ఉంది. నన్ను కాపాడారా, నా లిస్టును నమ్మి పంపినందుకు తనను తాను కాపాడుకున్నారా? నాలుగు నెలలు అయ్యాయి, ఇంకా తేల్చుకోలేకపోతున్నాను. బోర్డింగులో చిన్నపిల్లలకు చదువు చెప్పడానికి మనిషి కావాలన్నారని ఆయనే చెప్పారు. వెళ్ళి అడగాలి.

14 అక్టోబర్

పాత మార్కెట్ రేకులు విప్పుతున్నారు. అమ్మ స్టేషను రోడ్డు మీద కూర్చుంటోంది.

ఇవాళ రుక్కమ్మ వెతుక్కుంటూ వచ్చి, లిస్టుల నీ పేరెందుకు లేదో నాకు చెప్పు, ఊకెనె జాగ ఇడిచేదానివి గాదు, ముందట మలిగె రాయించుకున్నవు గదా అని నిలదీసిందట. అమ్మ, ఔనవ్వా, మేడ మీద, ఫ్యాను గూడ ఉంటది, ఎవ్వలకు చెప్పకు అన్నదట.

నాకు ముందుగల్లనె ఎరికె అనుకుంటూ వెళ్ళిపోయిందట.